మా ఊరి చరిత్ర కోసం యూనివర్సిటీ లైబ్రరీలో ఏడేళ్లు: నా అనుభవం

నేను బాపట్ల దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో సోషల్ టీచర్ని. 2017 వేసవి సెలవుల్లో మొదలుపెట్టి, మధ్యలో కరోనా రోజులు తీసేస్తే, నెలకు ఒకటి రెండు శనివారాలు, సెలవులు వస్తే వరసగా పది పదిహేను రోజులు, ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పాత రికార్డుల విభాగంలో కూర్చుంటూ వచ్చాను. ఏ యూనివర్సిటీ అన్నది చెప్పడం లేదు. కింద కొన్ని ఫిర్యాదులున్నాయి, అక్కడ నాకు సాయం చేసినవాళ్లకు నా రాతల వల్ల మాట రాకూడదు.

ముందే చెప్పేస్తున్నాను, సొంత ఊరి చరిత్ర రాయాలనుకునేవాళ్లు తప్పకుండా వెళ్లండి. కానీ ఊరి పేరు ఒక్కటే పట్టుకుని వెళ్తే వట్టి చేతులతో తిరిగొస్తారు. నా మొదటి వేసవి అంతా అలాగే పోయింది. కౌంటర్ దగ్గర మా ఊరి పేరు చెప్పి "దీని మీద ఏమైనా ఉన్నాయా అండీ" అని అడిగితే కార్డుల సొరుగులు చూపించారు. వాటిలో పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు ఉంటాయి, ఊళ్ల పేర్లు ఉండవు. రెండు మూడు రోజులు ఆ కార్డులు తిరగేసి, మా ఊరికి చరిత్రే లేదేమో అని బాధపడుతూ బస్సెక్కాను.

ఉంది, కాకపోతే వేరే చిరునామాలో ఉంది. మాది 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా, అంతకుముందు గుంటూరు జిల్లా, ఇంతవరకు అందరికీ తెలుసు. అయితే 1859లో గుంటూరునీ మచిలీపట్నాన్నీ కలిపి కృష్ణా జిల్లా చేశారు, మళ్లీ 1904లోనే గుంటూరును విడదీశారు. అంటే మధ్యలో ఆ 45 ఏళ్ల కాగితాలన్నీ కృష్ణా జిల్లా కట్టల్లో ఉంటాయి, నేనేమో గుంటూరు కట్టలు విప్పుతూ కూర్చున్నాను. ఒంగోలు వైపు వాళ్లయితే 1904 దాకా నెల్లూరు జిల్లా కింద వెతకాలి, ఆ తర్వాత గుంటూరు, 1970 నుంచి సొంత జిల్లా. భీమవరం, నరసాపురం వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే పశ్చిమ గోదావరి అనే జిల్లా 1925 దాకా లేనేలేదు, అంతకుముందు ఆ తాలూకాలు కొంతకాలం కృష్ణాలో, దానికి ముందు గోదావరి జిల్లాలో ఉన్నాయి. కాబట్టి బయల్దేరేముందు ఒక తెల్లకాగితం మీద మీ ఊరు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏ జిల్లా, ఏ తాలూకా అన్నది రాసుకోండి. పక్కన ఖండ్రిక (అసలు ఊరి నుంచి విడిగా లెక్కగట్టిన చిన్న ఊరు), అగ్రహారం లాంటివి ఉంటే వాటి పేర్లు కూడా. మా ఊరు పాత లెక్కల్లో రెండు ఊళ్లు, అసలు గ్రామం వేరు, ఖండ్రిక వేరు, ఇప్పుడు రెండూ కలిసిపోయి ఖండ్రిక అన్న మాటే ఎవరి నోటా రావడం లేదు.

ఇంకో మాట. ఇంట్లో కూర్చుని చదవగలిగేదాని కోసం బస్సు చార్జీలు పెట్టుకోవద్దు. 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్, ఊరూరా ఉన్న గుళ్లు, శాసనాల గురించి రాబర్ట్ సూయెల్ 1882లో వేసిన జాబితా, ఇలాంటివన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. సూయెల్ జాబితా తాలూకాల వారీగా ఉంటుంది, మీ ఊరి పేరు అందులో ఉందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. లైబ్రరీకి వెళ్లాల్సింది బయట దొరకనివాటి కోసం. నా అనుభవంలో అవి మూడు: టైపు చేసిన పాత ఎం.ఫిల్, పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు, బైండు చేసిన పాత దినపత్రికలు, ఎవరో పెద్దలు పోయాక వాళ్ల పిల్లలు తెచ్చి ఇచ్చేసిన పుస్తకాల పెట్టెలు. ఈ పెట్టెల్లో స్కూళ్ల స్వర్ణోత్సవ సంచికలు, పెళ్లి శుభలేఖలు, సహకార సంఘం వార్షిక నివేదికలు కూడా ఉంటాయి, వాటికి కేటలాగు ఉండదు, అడిగితేనే తీస్తారు.

వీటిలో నాకు బాగా ఉపయోగపడినవి ఎం.ఫిల్ వ్యాసాలు. వాటిని ఎవరూ పట్టించుకోరు. 1980ల్లో, 90ల్లో మన పిల్లలే కలెక్టరాఫీసుల చుట్టూ తిరిగి, ఒక్కో తాలూకా మీద వంద నూటయాభై పేజీలు రాశారు, చివర అనుబంధంలో అప్పటికి చేతికి దొరికిన రికార్డుల జిరాక్సులు అంటించారు. ఆ అసలు కాగితాల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడున్నాయో తెలీదు, ఈ జిరాక్సులే మిగిలాయి. శోధ్‌గంగ అని, మన యూనివర్సిటీల సిద్ధాంత వ్యాసాలు పెట్టే వెబ్‌సైటు ఉంది, అందులో పీహెచ్‌డీలు చాలా ఉన్నా ఈ ఎం.ఫిల్ వ్యాసాలు నాకు కనబడలేదు.

మా ఊరి తూర్పు పొలిమేరలో, సముద్రం వైపు పోయే పాత బండ్ల దారి పక్కన, ఎకరంన్నర చెక్క ఒకటుంది. దాన్ని పందిరి చేను అంటారు. ఏ పందిరి అని అడిగితే మా నాన్న పెళ్లి పందిరి అనేవారు, మా అత్తయ్య కాకర పందిరి అనేది, ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు. 2019 మే నెలలో, ఫ్యాను తిరుగుతున్నా చొక్కాలు తడిసిపోయే మధ్యాహ్నం పూట, ఒక ఎం.ఫిల్ వ్యాసం వెనక అనుబంధంలో ఇనాం రిజిస్టరు (శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన భూముల పట్టిక) పేజీ జిరాక్సు కనబడింది. ఫసలీ 1270, ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. మన వైపు ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అంటే 1860 జూలై నుంచి. ఇనాం భూముల హక్కులు విచారించడానికి ఇనాం కమిషన్ పెట్టిన రెండేళ్లకు. పేజీ నిలువునా గళ్లు: ఊరు, ఇనాం ఏ రకం, ఎంత భూమి, మొదట ఇచ్చినది ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, కమిషన్ ఏం తేల్చింది. మా ఊరి ఖండ్రిక పేరు ఎదురుగా "చలిపందిరి" అని ఉంది. ఎకరంన్నరకు ఒకటి రెండు సెంట్లు తేడా. అనుభవిస్తున్నది ఒక ఆడమనిషి, భర్త పోయినావిడ, వేసవిలో ఉప్పు బండ్లవాళ్లకు, బాటసారులకు నీళ్లు, మజ్జిగ పోయడం ఆవిడ పని. చివరి గడిలో, ఆ పని జరుగుతున్నంత కాలం ఇనాం సాగుతుందని నిర్ణయం.

ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నేను చిన్నప్పుడు ఆ చేలో రేగిపళ్లు ఏరుకున్నాను. నూట అరవై ఏళ్ల కింద అదే చోట ఒక ఆవిడ కుండలు నింపి పెట్టుకుని బండ్ల కోసం ఎదురు చూసేది, ఊరు ఆవిడను పూర్తిగా మర్చిపోయి పందిరి అనే మాట ఒక్కటి గుర్తు పెట్టుకుంది.

దీంతోపాటే ఒక హెచ్చరిక. ఆ సంతోషంలో ఊరికెళ్లి నలుగురికీ చెప్పేశాను. వెంటనే వచ్చిన ప్రశ్న "అయితే ఇప్పుడా భూమి ఎవరిదవుతుంది టీచరమ్మా?" అని. 1956 ఇనాముల రద్దు చట్టం తర్వాత ఇలాంటి భూముల మీద ఎన్నో తగాదాలు నడిచాయి, ధర్మాదాయ భూములైతే ఇంకా సున్నితం. ఆ చేను ఇప్పుడు సాగు చేసుకుంటున్న కుటుంబం నెల రోజులు టెన్షన్ పడింది, నాకు నిద్ర పట్టలేదు. ఒక్క జిరాక్సు పేజీతో హక్కులు తారుమారు కావని వాళ్లింటికెళ్లి, కూర్చుని, ఓపిగ్గా చెప్పాల్సి వచ్చింది. అప్పట్నుంచి భూమికి సంబంధించింది ఏది దొరికినా ముందు ఆ ఇంటివాళ్లకు చెప్పి, ఆ తర్వాతే రాస్తున్నాను. కాపీలు ఎవరికీ ఇవ్వను.

చదవడం ఇంకో పెద్ద పని. ఇంగ్లీషు రిజిస్టర్లు కాస్త అలవాటైతే చదవగలం. కరణాలు రాసిన తెలుగు కాగితాలు గొలుసుకట్టు రాత, పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు, అంకెలు తెలుగువి, వాటి పక్కన కాలు, అర, వీసం గుర్తులు. మా ఊళ్లో చివరగా కరణీకం చేసిన పెద్దాయన ఉన్నారు, 1984లో కరణాలను తీసేసేదాకా లెక్కలు ఆయనే రాశారు, ఇప్పుడు ఎనభై దాటాయి. ఫోన్లో తీసుకున్న ఫొటోలు పెద్దవి చేసి చూపిస్తే కళ్లద్దాలు పైకి తోసుకుని చదివి పెట్టేవారు. ఒకరోజు ఒక అంకెను నేను ౨ అని రాసుకుంటే, "కాదమ్మా, అది మూడు. కింద ఇంకో మెలిక ఉంది చూడు, మా నాన్నగారు కూడా ఇట్లాగే వేసేవారు" అన్నారు. ఆ ఒక్క మెలికతో మా చెరువు కింద ఆయకట్టు లెక్క మారిపోయింది. మీ ఊళ్లోనూ అలాంటి పెద్దలుంటే లైబ్రరీ సంగతి తర్వాత, ముందు వాళ్ల దగ్గరకు వెళ్లండి.

కైఫీయతుల గురించి, అంటే ఊళ్ల పాత వృత్తాంతాల గురించి, చాలామంది అడుగుతారు. కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు, మిగతా సహాయకులు 19వ శతాబ్దం మొదట్లో ఊరూరా కరణాల దండకవిలెల (తరతరాలుగా దాచిన ఊరి లెక్కల, రికార్డుల) నుంచి రాయించుకున్నవే అవి. అన్ని ఊళ్లకూ ఉండవు, మాకు లేదు, పక్క ఊరిది ఉంది, అందులో మా చెరువు ప్రస్తావన రెండు వాక్యాల్లో వచ్చింది. ఒక గందరగోళం రాకుండా చెప్తున్నాను, 1883 కృష్ణా మాన్యువల్ రాసినది గోర్డన్ మెకంజీ, ఆయన వేరు, కైఫీయతుల మెకంజీ 1821లోనే పోయారు. ఇద్దరినీ ఒక్కరనుకుని రాసిన గ్రామ చరిత్రలు నాకు రెండు తగిలాయి. కడప వైపు వాళ్లయితే యోగి వేమన యూనివర్సిటీ కింద ఉన్న సి.పి. బ్రౌన్ కేంద్రం వాళ్లు ఆ జిల్లా కైఫీయతులను పుస్తకాలుగా వేశారు, అవి సంపాదించండి, సగం శ్రమ తగ్గుతుంది.

ఇక ఫిర్యాదులు. మొదటిసారి లోపలికి పంపడానికి పరిచయ పత్రం అడిగారు, మా హెడ్‌మాస్టర్ గారి లెటర్‌హెడ్ మీద తీసుకెళ్తే, యూనివర్సిటీ ఆచార్యుల సంతకం కావాలన్నారు, ఆ సంతకానికే మూడు శనివారాలు పట్టింది. మైక్రోఫిల్మ్ చూసే యంత్రం ఈ ఏడేళ్లలో పనిచేయగా నేను చూసింది రెండుసార్లు. జాబితాలో నంబరు ఉంటుంది, అల్మారాలో కట్ట ఉండదు. రెండో శనివారం సెలవు, సరే, కానీ మిగతా శనివారాల్లో కూడా తాళంచెవి ఉన్న మనిషి రాకపోతే ఆ రోజు అంతే. వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి. పెన్ను లోపలికి తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే, అది మంచి పద్ధతి. ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటోలు తీసుకోవడానికి మూడేళ్లుగా ఒప్పుకుంటున్నారు, అంతకుముందు అన్నీ చేత్తో రాసుకున్నవే.

వీటన్నిటికంటే నన్ను కలచివేసింది ఒకటుంది. మా ఊళ్లో తాలూకా బోర్డు స్కూలు తెరిచిన వార్త కోసం పాత ఆంధ్రపత్రిక సంపుటాలు తిరగేస్తున్నాను. కాగితం ఎంత పెళుసంటే పేజీ తిప్పినప్పుడల్లా అంచు రాలి బల్ల మీద పసుపు పొడిలా పడుతుంది, అందుకే రెండు చేతులతో, ఊపిరి బిగబట్టి తిప్పేదాన్ని. నాకు కావాల్సిన తేదీ వచ్చింది. పేజీ మధ్యలో అరచేయి వెడల్పున నలుచదరపు కంత. బ్లేడుతో కోసేశారు. ఎవరో నాలాంటివాళ్లే, తమ ఊరి గురించో తాతగారి గురించో పడిన వార్తను కోసుకుని జేబులో పెట్టుకుపోయారు, దాని వెనక పేజీలో మా స్కూలు వార్త ఉండొచ్చని ఆ మనిషికి పట్టలేదు. కౌంటర్ దగ్గర చెప్తే "ఇలాంటివి చాలా ఉన్నాయమ్మా" అన్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

ఆ తర్వాత వేటపాలెం వెళ్లాను, సారస్వత నికేతనానికి. 1918లో మొదలైన లైబ్రరీ, ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. మాకు ఇంత దగ్గర్లో పెట్టుకుని నేను ఎక్కడెక్కడో తిరిగాను. తేదీ రాసిన చీటీ ఇచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను, సంపుటం తెచ్చి ముందు పెట్టారు. పేజీ నిండుగా ఉంది. కిందివైపు మూడో వరసలో, నాలుగు పంక్తులు: మా ఊరి పేరు, స్కూలు తెరిచిన రోజు, చేరిన పిల్లలు 31 మంది, అందులో ఆడపిల్లలు ఇద్దరు. ఇప్పుడు మా బడి హాజరు పట్టీల్లో ఆ ఇద్దరి పేర్ల కోసం వెతుకుతున్నాను.