సముద్రం మేడ మీద ఉంది: గోజోలో మేం తీసుకున్న విల్లా

మొదటి రోజు సాయంత్రం సామాన్లు దించి కాళ్లు చాపుకోగానే మా అమ్మ అడిగింది, "సముద్రం ఒడ్డున ఇల్లన్నావు, ఏదిరా సముద్రం?" అని. సమాధానం ఉంది, కాకపోతే మేడ మీద ఉంది. గుండ్రంగా మెలి తిరిగిన రాతి మెట్లు ఇరవై రెండు ఎక్కితే పిట్టగోడ మీదుగా, రెండు చర్చి గోపురాల మధ్య, నీలంగా ఒక ముక్క. మా పటమట ఇంట్లో గుమ్మం ముందు మూడు మెట్లకే గోడ పట్టుకునే మనిషి ఆవిడ. వారం రోజులు ఆ ఇంట్లో ఉండి ఒక్కసారి కూడా ఆ మెట్లు ఎక్కలేదు. పిల్లలు పైనుంచి వాట్సాప్ వీడియో కాల్ చేసి చూపిస్తే కింద వసారాలో కూర్చుని ఫోన్లో చూసింది.

మధ్యధరా సముద్రంలోని మాల్టా దేశంలో గోజో అని చిన్న ద్వీపం, అందులో నదూర్ అనే ఊరు. విల్లా పేరు రాయను, ఓనరు మంచి మనిషి, మోసమేమీ చేయలేదు, అడిగిన వాటికన్నిటికీ నిజమే చెప్పాడు. నేను అడగాల్సింది అడగలేదు, అంతే. ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నా, ఆ పోయిన రెండింటిలో ఒకటి నాది.

ఇంతకీ గోజోనే ఎందుకంటే, బావగారు శాంటోరిని అన్నారు, మా ఆవిడ క్రీట్ అంది, నేను డ్రైవింగ్ దగ్గర ఆగిపోయా. ఆ రెండు దీవులూ గ్రీసువి, అక్కడ బండి కుడివైపు నడపాలి, పైగా క్రీట్ ఈ చివర నుంచి ఆ చివరకి 260 కిలోమీటర్లు. శాంటోరినిలో ఫొటోల్లో కనపడే తెల్ల ఇళ్లన్నీ కొండ అంచున ఉంటాయి, ఫిరా ఊరి నుంచి కింద పాత రేవుకి దిగాలంటే ఆరొందల దాకా మెట్లు. (మెట్లకి భయపడి శాంటోరిని వద్దన్నది నేనే. గుర్తుపెట్టుకోండి.) మాల్టా, సైప్రస్ రెండూ ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ల కింద ఉన్నవి కాబట్టి మనలాగే ఎడమవైపు నడుపుతారు. సైప్రస్ అప్పటికి షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల గుంపు) లేదు, మాకు తిరుగుదారిలో రోమ్ చూడాలని ఉంది, అందుకని మాల్టా. అక్కడ ఇంగ్లీషు అధికార భాష, బోర్డులు చదువుకోవచ్చు. గోజో అయితే మొత్తం 67 చదరపు కిలోమీటర్లు, పొడవు 14 కిలోమీటర్లే. బెజవాడలో బయల్దేరి మంగళగిరి దాటేలోపు ద్వీపం అయిపోతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నదానికి నాది గట్టి అభిప్రాయం. మన వేసవి సెలవల్లో, అంటే మేలో వెళ్తే ఎండ బాగానే ఉంటుంది గానీ నీళ్లు 19 డిగ్రీల దగ్గరే ఉంటాయి. కృష్ణలో మునిగి అలవాటైన ఒంటికి అది ఐసు. జూలై, ఆగస్టులో నీళ్లు బాగుంటాయి, అద్దెలు మండిపోతాయి, యూరప్ అంతా అక్కడే ఉంటుంది. దసరా సెలవలకైతే వేసవంతా కాగిన సముద్రం ఇంకా చల్లారదు, 25 డిగ్రీల దాకా ఉంటుంది, రేట్లు దిగుతాయి. ఒక్కటే చిక్కు, మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద సరస్వతీ అలంకారం చూడకుండా ఊరు దాటించినందుకు అమ్మ నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

ఇక ఫొటోల సంగతి. అద్దె సైట్లో మొదటి ఫొటోలో స్విమ్మింగ్ పూల్, దాని వెనకాలే సముద్రం, మధ్యలో ఒక గోడ, అంతే. అది మేడ మీద నిలబడి జూమ్ చేసి తీసిన ఫొటో అని అక్కడికి వెళ్లాక అర్థమైంది. పూల్ దగ్గర నిలబడితే కనిపించేది నాగజెముడు కంచె. మ్యాపులో బుకింగ్ అయ్యేదాకా ఇల్లెక్కడో చూపించరు, ఒక వలయం గీసి వదిలేస్తారు, ఆ వలయంలో కొండా ఉంది, కొండ కింద బీచీ ఉంది. "బీచ్ ఎంత దూరం" అని మెసేజ్ పెడితే "రెండున్నర కిలోమీటర్లు" అన్నాడు. నిజమే. ఆ రెండున్నరా నిలువుగా దిగుడు అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. దుర్గమ్మ కొండ మీద ఇల్లు తీసుకుని కృష్ణ పక్కనే ఉంటున్నాం అనుకున్నట్టు అయింది మా పని. కనిపించడం వేరు, దిగి కాళ్లు తడుపుకుని మళ్లీ పైకి రావడం వేరు.

కాబట్టి మీరు బుక్ చేసేటప్పుడు దూరం అడక్కండి, గేటు నుంచి నీళ్ల దాకా నడుస్తూ ఒక వీడియో తీసి పంపమనండి. పంపితే ఇల్లు మంచిది, నసిగితే వదిలేయండి. సముద్రం ఏ గదిలోంచి కనిపిస్తుంది, ఆ గదికి ఎన్ని మెట్లు, కింద అంతస్తులో పడకగది, బాత్రూమ్ ఉన్నాయా, ఇవి అడగండి. అక్కడ సెలవల అద్దెకిచ్చే ఇళ్లకి మాల్టా టూరిజం అథారిటీ లైసెన్సు ఉండాలి, ఆ నంబరు కూడా అడిగేయండి, మొహమాటం వద్దు.

ఇంటి గురించి మంచి చెప్పకపోతే పాపం. పాత రైతు ఇల్లు, అక్కడ ఫామ్‌హౌస్ అంటారు, పసుపు పచ్చటి సున్నపురాయి గోడలు మూరెడు మందం, మధ్యాహ్నం లోపలికి రాగానే చల్లగా ఉంటుంది. వంటగదిలో సిలిండర్! ఆ దేశంలో ఇళ్లకి గ్యాస్ పైపులు లేవు, మనలాగే సిలిండర్లు మార్చుకోవాలి. రెండో రోజు పప్పు సగం ఉడికాక గ్యాస్ అయిపోయింది, మా చెల్లెలు "బెజవాడ వచ్చేసినట్టుంది" అంది. వెనకాల ఇంకోటి నిండుది ఉంది, బావగారు బిగించారు. కరెంటు 230 వోల్టులే కాబట్టి మన మిక్సీ ఆడుతుంది, కాకపోతే సాకెట్లు ఇంగ్లాండు రకం చదరపు మూడు కాళ్లవి, అడాప్టర్లు కావాలి. మంచినీళ్లు కొనుక్కోవడమే మేలు, కుళాయి నీళ్లు సముద్రపు నీటిని శుద్ధి చేసి కలిపినవి, టీలో కూడా ఉప్పదనం తెలుస్తుంది. బాత్రూమ్‌లో స్ప్రే ఉండదు, మగ్గు పట్టుకెళ్లండి. ఏసీకి వేరే మీటర్, వారానికి 46 యూరోలు అయింది, శుభ్రం చేసినందుకు 80, ఇవి మొదట చూపించిన రేటులో లేవు. యూరో వంద రూపాయలు దాటి కూర్చుంది, కాబట్టి కలిపి లెక్కేసుకోండి. పూల్‌కి హీటర్ లేదు. పిల్లలు పది నిమిషాల్లో పళ్లు కొట్టుకుంటూ బయటికొచ్చారు. సముద్రం వెచ్చగా, పూల్ చల్లగా ఉండటం విచిత్రమే.

మూడో రోజు వాయవ్యం నుంచి గాలి మొదలైంది. దాన్ని వాళ్లు మజ్జిస్త్రాల్ అంటారు. మా దగ్గరి బీచ్ రమ్లా, ఎర్రటి ఇసుక, ద్వీపంలో అందమైనదంటే అదే, కానీ ఉత్తరం వైపు ఉంది. ఎర్రజెండా ఎగరేశారు, దిగనివ్వలేదు. ఓనరుకి ఫోన్ చేస్తే నవ్వి, "రెండో వైపు వెళ్లండి, అక్కడ గాలే ఉండదు" అన్నాడు. పావుగంటలో హొండో అనే చోటికి వెళ్లాం, ఎదురుగా కొమినో దీవి, నీళ్లు అద్దంలా ఉన్నాయి. అప్పుడు అనిపించింది, ఇంత చిన్న ద్వీపంలో కారుంటే పొద్దున్నే గాలి చూసుకుని సముద్రాన్ని ఎంచుకోవచ్చు, ఇల్లు ఒడ్డున లేకపోయినా వయసులో ఉన్నవాళ్లకి పోయేదేం లేదు. ఊరి సందుల్లో కారు నడపడం మాత్రం వన్‌టౌన్‌లో నడిపినవాళ్లకే వస్తుంది. అద్దాలు మడవండి.

అమ్మకి కావలసిన చోటు ఐదో రోజు దొరికింది. ష్లెండి అని, రెండు ఎత్తయిన కొండల మధ్య సన్నగా లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం. ఒడ్డు పొడవునా చదునైన దారి, బెంచీలు, హోటళ్లు, వెనకాల అపార్ట్‌మెంట్లు. మధ్యధరాలో ఆటుపోట్లు దాదాపు ఉండవు, అందుకని నీళ్లు అంచు దగ్గరే కదలకుండా ఉన్నాయి. అమ్మ బెంచీ మీద కూర్చుని చాలాసేపు చూసి, "ఇది సముద్రమేంట్రా, బందరు కాలవలా ఉంది, సూర్యలంక అయితే ఎంత హోరు" అంది. అని, మూడు గంటలు కదల్లేదు. పున్నమి కాదు కాబట్టి సముద్రస్నానం చేయకూడదట, నెత్తిన నాలుగు చుక్కలు చల్లమంది. బఠాణీ ముద్ద పెట్టి కాల్చిన పస్టిజ్జీ రెండు తినిపించాం, మన కర్రీ పఫ్‌కి అన్నలాంటిది, ఉల్లికారం ఉంటే ఇంకో రెండు తినేది.

అక్కడ కింద అంతస్తు ఫ్లాటు ఒకటి అద్దెకుందని బోర్డు చూసి లోపలికి వెళ్లి అడిగా. పూల్ లేదు, మేడ లేదు, ఫొటోలో పెట్టుకోడానికి ఏమీ లేదు, మా విల్లా అద్దెలో సగం. వచ్చేసారి అదే.

విల్లా ఎవరికి బాగుంటుందంటే, కాలేజీ ఫ్రెండ్సు ఆరుగురు కలిసి వెళ్తే దివ్యంగా ఉంటుంది, రాత్రి మేడ మీద కూర్చుంటే దిగబుద్ధి కాదు. చిన్నపిల్లలుంటే మెట్లకి గేటు లేదు, చూసుకోండి. మాల్టా పెద్ద దీవి నుంచి కార్లు ఎక్కించే ఫెర్రీలో గోజోకి వెళ్లేటప్పుడు టికెట్ ఎవరూ అడగరు, కంగారు పడకండి, గోజో నుంచి తిరిగొచ్చేటప్పుడే తీసుకుంటారు. అడాప్టర్లు నాలుగు నా దగ్గర ఖాళీగా ఉన్నాయి, పటమట వైపు ఎవరైనా ఉంటే వచ్చి పట్టుకెళ్లండి, తిరిగి ఇస్తే చాలు.