పొగతోట ల్యాబులో ఐసీయూ థైరాయిడ్ పరీక్ష: సూది పనికి మార్కులు, రిపోర్టుకు కోత

నెల్లూరు పొగతోటలో చుట్టుపక్కల ఆసుపత్రులకు రక్తపరీక్షలు చేసిపెట్టే ఒక ల్యాబు థైరాయిడ్ ప్రొఫైల్ (టీ3, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్లు, ఆ గ్రంథిని పనిచేయించే టీఎస్‌హెచ్, ఈ మూడింటి పరీక్ష) సంగతి ఇది. పొద్దున్నే నడిచొచ్చి రక్తమిచ్చే మనిషికైతే వంక పెట్టేదేం లేదు. చిక్కంతా ఐసీయూ నుంచి వచ్చే శాంపిల్‌తోనే.

రక్తం తీసే కుర్రాళ్లకు పని తెలుసు. సెలైన్ ఎక్కే చేతిని వదిలి రెండో చేతికి గుచ్చుతారు. పసుపు మూత ట్యూబును గిలక్కొట్టరు. ఐదుసార్లు మెల్లగా తలకిందులు చేసి, అరగంట గడ్డకట్టనిచ్చాకే సెంట్రిఫ్యూజ్‌లో పెడతారు. సాయంత్రానికి రిపోర్టు చేతికొస్తుంది.

తిరకాసు అక్కడే. టీ3 పక్కన ఎర్రగా 'తక్కువ' అని ఉంటుంది, ఇంకో ముక్క ఉండదు. సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) పడున్న మనిషికి టీ3 తగ్గకపోతేనే వింత! జబ్బు ముదిరిన గంటల్లోనే టీ4ను టీ3గా మార్చే ఎంజైము మందగిస్తుంది. టీ4 కాస్తా పనిచేయని రివర్స్ టీ3 వైపు మళ్లుతుంది. రోజులు గడిస్తే టీ4 కూడా పడిపోతుంది. టీఎస్‌హెచ్ మామూలుగానో కాస్త తక్కువగానో ఉండి, కోలుకునేటప్పుడు 20 దాకా ఎక్కి దిగొచ్చు. థైరాయిడ్ గ్రంథి బాగానే ఉంటుంది. రిపోర్టులో వేసిన నార్మల్ రేంజి మాత్రం ఆరోగ్యవంతులది. కావలి నుంచో గూడూరు నుంచో వచ్చిన బంధువులు "థైరాయిడ్ కూడా ఉందంట" అని హడలిపోతారు. డిశ్చార్జి చీటీలో ఒకసారి థైరాక్సిన్ (టీ4) మాత్ర చేరితే దాన్ని ఆపేవాళ్లు అరుదు.

ఇంకో పెద్ద లోపం, ఫారంలో మందుల గడే లేదు. బీపీ నిలబెట్టే డోపమైన్ మందు, స్టెరాయిడ్లు టీఎస్‌హెచ్‌ను అణిచేస్తాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పడ్డ మనిషి రక్తం ట్యూబులో నిలవుంటే కొవ్వు ఆమ్లాలు పుట్టి ఫ్రీ టీ4ను (రక్తంలో ప్రోటీన్లకు అంటుకోకుండా ఉండే టీ4) లేనిపోని ఎక్కువగా చూపిస్తాయి. జుట్టు రాలకుండా మింగే బయోటిన్ కొన్ని మిషన్లలో టీఎస్‌హెచ్‌ను తగ్గించి చూపుతుంది. ఇంట్లోవాళ్లను అడిగితే గానీ ఆ సంగతి బయటపడదు.

ఒళ్లు చల్లబడి, నాడి నెమ్మదించి, మత్తు వదలకుండా, మెడ మీద పాత థైరాయిడ్ ఆపరేషన్ గాటు కనిపిస్తే పరీక్ష తప్పదు. అప్పుడు కూడా మూడింటి ప్యాకేజీ వద్దు, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 విడిగా రాయించండి. టీఎస్‌హెచ్ 20 దాటి ఫ్రీ టీ4 తగ్గితే అసలు థైరాయిడ్ జబ్బే అని అనుమానించాలి. థైరాక్సిన్ మొదలెట్టే ముందు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్) శాంపిల్ కూడా తీయాలి. మిగతావాళ్లకు కోలుకున్నాక కనీసం ఆరు వారాలు ఆగి మళ్లీ చేయిస్తే చాలు.

అయిదుకు మూడు. మందుల గడి పెడితే నాలుగు.