జపాన్ గైడ్‌బుక్కులో చిన్నక్షరాలకే నా ఓటు

యూట్యూబ్ ఉండగా పుస్తకం ఎందుకని మా ఇంట్లో అందరూ అన్నారు. 2024 దసరాకి జపాన్ వెళ్లొచ్చాక ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు. రంగుల ఫొటోలు చూసి మురిసిపోయి కాదు. ప్రతి చోటు వివరాల కింద చీమల బారులా ఒక లైను ఉంటుంది, ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు అని. పుస్తకం డబ్బులన్నీ ఆ లైనుకే ఇచ్చాననుకుంటాను.

మా మరిది వీడియోలన్నీ చూసి ఎక్సెల్ షీట్ తయారుచేశాడు. సోమవారం షాపింగ్, మంగళవారం ఉయెనోలో టోక్యో నేషనల్ మ్యూజియం. మ్యూజియానికి సోమవారం సెలవని అతనికి తెలుసు, అందుకే మంగళవారం పెట్టాడు. కానీ పుస్తకంలో ఆ లైను చివర ఇంకో ముక్క ఉంది: సోమవారం పబ్లిక్ హాలిడే అయితే ఆ రోజు తెరిచి, మర్నాడు మూస్తారట. వెనక సెలవుల పట్టిక తీస్తే, అక్టోబరు రెండో సోమవారం వాళ్లకి స్పోర్ట్స్ డే. మేం అక్కడ ఉండే సోమవారం సరిగ్గా అదే, 14వ తేదీ. మియాపూర్‌లో డైనింగ్ టేబుల్ దగ్గరే రెండు రోజులూ అటూ ఇటూ మార్చేశాం. మరిది మొహం కాస్త మాడింది.

సోమవారం మ్యూజియం తీరిగ్గా చూశాం. మర్నాడు అమెయోకో బజారుకి పోతూ ఆ మ్యూజియం ఉన్న ఉయెనో పార్కు మీదుగానే నడిచాం. అక్కడి జూకీ అదే లెక్క, మూసేశారు. గేటు ముందు ఎవరో విదేశీ కుటుంబం, తోపుడు బండిలో పాప ఏడుస్తుంటే, బోర్డుకి ఫోన్ పెట్టి చదువుకుంటున్నారు. "పాపం, ఎంత దూరం నుంచి వచ్చారో" అన్నారు మా అత్తయ్య. అని, నా సంచిలోని పుస్తకం వైపు ఓ చూపు చూశారు.

రైళ్ల చాప్టరు మాత్రం నమ్మొద్దు. ఒకే టికెట్‌తో జపాన్ రైల్వే రైళ్లెక్కనిచ్చే ఏడు రోజుల జేఆర్ పాస్ 29,650 యెన్‌లని, అది కొనకపోతే నష్టపోతామన్నట్టు రాశారు. 2023 అక్టోబరులో అది 50,000 అయింది. మా కాపీ అంతకుముందే అచ్చయింది. టోక్యో నుంచి క్యోటోకి షింకన్‌సెన్, అదే బుల్లెట్ రైలు, టికెట్ ఒకవైపు 14 వేల యెన్‌ల దరిదాపు, అంటే వెళ్లి రావడానికే అయితే పాస్ దండగ. మావారు కాగితం మీద లెక్క వేసి విడి టికెట్లే తీశారు. క్యోటోలో పుస్తకం తెగ పొగిడిన బస్ డే పాస్ అయితే అసలు లేనే లేదు, ఎత్తేశారు. సబ్‌వే, బస్సు రెండింటికీ పనికొచ్చేది 1,100 యెన్‌లకి తీసుకున్నాం.

అత్తయ్య శాకాహారి. మిసో సూప్‌లోనూ నూడుల్స్ పులుసులోనూ మామూలుగా చేపతో కాచిన దాషి పోస్తారని బాక్సు కట్టి మరీ చెప్పారు, అది మేలు. వెనక పేజీలో జపనీస్‌లో అచ్చువేసిన "మాంసం, చేప తినను" మీద వేలు పెట్టి చూపిస్తే హోటల్ వాళ్లకి వెంటనే అర్థమయ్యేది. అర్థమయ్యాకే రెండు చేతులూ అడ్డంగా పెట్టి లేదనేవాళ్లు. ఇంటి నుంచి మోసుకెళ్లిన పులిహోర పేస్టు చాలా పూటలు గట్టెక్కించింది.

తిరిగొచ్చిన కొత్తలో ఆఫీసులో "పుస్తకం ఉంటే ఫోన్ తీయక్కర్లేదు" అని చెప్పాను. అంత లేదు లెండి. షింజుకు స్టేషన్‌కి రెండొందలకు పైగా ఎగ్జిట్లు. పుస్తకంలో మ్యాపు అగ్గిపెట్టెంత. అక్కడ ఫోనే దిక్కు.

అప్పట్నుంచి ఆ పుస్తకం ఆఫీసులో చేతులు మారుతూనే ఉంది. క్యోటో భాగం ఊడొస్తే రబ్బరు బ్యాండ్ వేశాను. పెద్దవాళ్లని వెంటబెట్టుకుని, ప్యాకేజీ లేకుండా, రోజుకి రెండు చోట్లకి మించి తిరగలేని మాకు బాగానే పనికొచ్చింది. ప్యాకేజీలో వెళ్లేవాళ్లకి ఇంత బరువు ఎందుకో నాకూ తెలీదు. కొంటే మాత్రం అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద సగం ధరకి దొరికిందని పాత ఎడిషన్ తెచ్చుకోకండి. కథల పుస్తకాలకి ఆ ఫుట్‌పాత్ బంగారం, దీనికి కాదు.