సముద్రపు నీళ్లా, వాడిన నీళ్లా? చెన్నైకి ఏది మేలు?

వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్‌కి ఆర్వో సర్వీసు చేసే కుర్రాడు సూళ్లూరుపేట వాడు. పోయిన నెల మా వంటింటి ఫిల్టర్ లోంచి పాత మెంబ్రేన్ తీసి, "లోపల ఎట్టుంటదో చూస్తారా అన్నా" అంటూ కట్టర్‌తో నిలువునా కోశాడు. జానెడు గొట్టం చాపచుట్టలా విప్పుకుంది. తెల్లటి పల్చటి పొరలు, వాటి మధ్య వల లాంటి జాలీ. పై చుట్టంతా గోధుమరంగు జిగురు, వేలితో రాస్తే బంకలా అంటుకుంది. "ఉప్పుని ఆపేది ఈ పొరేనన్నా. నెమ్మేలిలోనూ ఇదే, సైజు పెద్దది, అంతే" అన్నాడు.

అతను చెప్పింది నిజం. చెన్నై దగ్గర సముద్రపు నీటిని మంచినీరు చేసే నెమ్మేలి ప్లాంటులోనూ ఇలాంటి పొరలే. ఈ పొర పుట్టుకే రెండు దేశాల వాళ్ల చేతుల మీదుగా జరిగింది. 1950ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో సిడ్నీ లోబ్ అనే అమెరికన్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజ్ ఎసిటేట్‌తో ఒక పొర చేశారు. అంతకు ముందున్న పొరలు ఉప్పును ఆపేవి గానీ నీటిని చుక్క చుక్కగానే వదిలేవి. వీళ్ల పొర ఉప్పును ఆపుతూనే నీటిని వేగంగా వదిలింది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే ఊరికి ఆ పద్ధతిలోనే నీళ్లిచ్చారు.

ఆ రకం పొరే ఇప్పుడు చెన్నైకి రెండు దారులు చూపిస్తోంది. సముద్రపు నీటిని దాని గుండా నెట్టి తాగునీరు చేసుకోవచ్చు, లేదా మనం వాడి వదిలిన మురుగునీటినే మళ్లీ శుభ్రం చేసుకోవచ్చు. రెండింటిలోనూ విదేశాల డబ్బు, ఇంజనీర్లు, యంత్రాలు కలిసే ఉన్నాయి. ఇకపై ఇంకో అప్పు, ఇంకో ఒప్పందం అంటూ వస్తే దేనికి తెచ్చుకోవాలన్నదే నా ప్రశ్న.

సముద్రం వైపు ఎందుకు వెళ్లామో 2019 ఎండాకాలం ఇక్కడున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు దాదాపు అడుగంటాయి. మా సందులో రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు తెల్లవారుజామునే వరుస కట్టేవి. పన్నెండు వేల లీటర్ల ప్రైవేటు ట్యాంకరుకు నాలుగు వేల పైనే ఇచ్చాం, అదీ రెండు రోజులు ముందు చెప్పుకుంటేనే. జులైలో జోలార్‌పేట నుంచి నీళ్ల రైలు నడిపారు. ఒక్కో రైలుకు 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. ఆ లెక్కన చూస్తే మింజూరు దగ్గరి కాట్టుపల్లి ప్లాంటు పూర్తిగా నడిస్తే ఇచ్చే రోజుకు 10 కోట్ల లీటర్లు నలభై రైళ్లతో సమానం. వాన పడకపోయినా సముద్రం ఎండదు. ఆ ధీమాకు విలువ ఉంది, దాన్ని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

ఆ మింజూరు ప్లాంటు 2010లో మొదలైంది. కట్టింది మన హైదరాబాదు ఐవీఆర్‌సీఎల్, స్పెయిన్‌కి చెందిన బెఫేసా కలిసి. నెమ్మేలిలో 2013లో ఇంకో 10 కోట్ల లీటర్ల ప్లాంటు వచ్చింది. అక్కడే జర్మనీ కేఎఫ్‌డబ్ల్యూ బ్యాంకు సాయంతో కట్టిన 15 కోట్ల లీటర్ల ప్లాంటు 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. పక్కనే పేరూరులో జపాన్ జైకా రుణంతో ఏకంగా 40 కోట్ల లీటర్ల ప్లాంటుకు 2023 ఆగస్టులో శంకుస్థాపన చేశారు. దాని అంచనా నాలుగు వేల కోట్ల రూపాయల పైమాటే.

ఇక ఖర్చు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్ని పొర గుండా నెట్టాలంటే లారీ టైర్లలో ఉండే గాలి ఒత్తిడి కన్నా ఎన్నో రెట్ల ఒత్తిడి కావాలి. అందుకే వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు పోతుంది. పైగా లోపలికి తీసుకున్న నీటిలో సగం కూడా మంచినీరు కాదు. మిగిలింది దాదాపు రెట్టింపు ఉప్పుతో మళ్లీ సముద్రంలోకే పోతుంది. నెమ్మేలి ఒడ్డున మత్స్యకారులు తీరం కోసుకుపోతోందని, చేప తగ్గిందని ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. వాళ్ల మాటను ప్లాంటు లెక్కల్లో ఏ గడిలోనూ వెయ్యరు.

వాడిన నీటి సంగతి వేరు. ఇంట్లోంచి పోయే మురుగునీటిలో ఉప్పు సముద్రంతో పోలిస్తే చాలా తక్కువ, లీటరుకు ఒకటి రెండు గ్రాములు. అందుకని అదే పొర గుండా నెట్టడానికి సముద్రపు నీటికయ్యే కరెంటులో మూడో వంతు దాకా సరిపోతుంది. చెన్నైలో ఈ పని జరుగుతూనే ఉంది. కొడుంగైయూరులో, కోయంబేడులో 2019లో ప్రారంభమైన ప్లాంట్లు ఒక్కోటి రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల మురుగునీటిని పరిశ్రమలకు పనికొచ్చేలా చేస్తాయి. ఒకటి మణలి వైపు ఫ్యాక్టరీలకు, ఇంకోటి శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు కార్ల కంపెనీలకు. ఫ్యాక్టరీ ఆ నీళ్లు తీసుకుంటే చెరువులో అన్ని నీళ్లు మనకు మిగిలినట్టే కదా.

తాగడానికి అనేసరికి మాత్రం "ఛీ" అంటారు. మా అసోసియేషన్ మీటింగ్‌లో నేను ఈ మాట ఎత్తితే నెల్లూరు నుంచి వచ్చిన మూడో ఫ్లోరు పిన్నిగారు, "మనకి తెలుగుగంగ ఉండగా ఈ పాడు నీళ్లెందుకయ్యా" అన్నారు. ఆవిడ బాధ నాకు తెలుసు. కృష్ణా నీళ్లు చెన్నైకి ఇవ్వాలని 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ హయాంలో కుదిరిన ఆ ఒప్పందం మీద తెలుగువాళ్లకు ప్రేమ ఉంటుంది, నాకూ ఉంది. కానీ ఏడాదికి 12 టీఎంసీలు అని రాసుకున్నా, ఆంధ్రలోని కండలేరు జలాశయంలో నీళ్లుంటేనే పూండికి వస్తాయి. మనకు కరువొచ్చే ఏడాది ఆంధ్రవాళ్లకూ కరువే. "పాడు నీళ్లు" అన్నదానికి మాత్రం ఆవిడకు సింగపూర్ సంగతి చెప్పాను. 2003 నుంచి వాళ్లు వాడిన నీటిని శుద్ధి చేసి ఎక్కువగా పరిశ్రమలకు ఇస్తూ, కొంత జలాశయాల్లో కలిపి తాగునీరుగా వాడుకుంటున్నారు. నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుంచీ తాగుతోంది.

ఇందులో మూడో రకం సహకారం కూడా ఒకటి ఉంది. నాకు బాగా నచ్చింది అదే. నెదర్లాండ్స్ ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన ఒక కార్యక్రమంలో చెన్నై, ఇండోనేషియాలోని సెమరాంగ్, బంగ్లాదేశ్‌లోని ఖుల్నా నగరాలను ఎంచుకున్నారు. చెన్నై కోసం వచ్చిన ఆలోచన 'వెయ్యి చెరువుల నగరం'. డచ్చివాళ్లూ ఇక్కడివాళ్లూ కూర్చుని, లిటిల్ ఫ్లవర్ కాన్వెంట్ అంధ, బధిర పాఠశాలలో వాన నీటిని, వాడిన నీటిని మొక్కల మడుల గుండా వడగట్టి భూమిలోకి ఇంకించే ఏర్పాటు చేశారు. పంపులు తక్కువ, పొరలు లేవు. ఏడాదికి 1400 మిల్లీమీటర్ల వాన పడే ఊరు ఇది. 2015 డిసెంబరులో మునిగింది, 2019లో ఎండింది. అలాంటి ఊరికి భూమిని నింపుకునే పద్ధతి నేర్పే స్నేహం ఒక పెద్ద ప్లాంటుకేం తీసిపోదు.

అలాగని వాడిన నీటి దారి నల్లేరు మీద బండి నడక కాదు. మా అపార్ట్‌మెంట్ ఎస్టీపీనే, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటునే చెబుతాను. బిల్డరు పెట్టిన కంట్రోల్ ప్యానెల్ బయటి దేశంది. అది కాలిపోయాక విడిభాగం కోసం మూడు నెలలు ఆగాం. గాలి ఊదే బ్లోయర్ ఆగిపోతే మురుగును తినే బ్యాక్టీరియాకు గాలి అందదు, రెండు రోజుల్లో ట్యాంకు నల్లబడి మెట్ల దాకా వాసన. మురుగు లారీకి వారానికి రెండుసార్లు డబ్బు కట్టాం. ఫోన్ చేస్తే కంపెనీ వాళ్లు "ఆర్డర్ పెట్టాం సార్" అనేవాళ్లు. మా ఆపరేటర్ తిరుపతి వాడు, ఎనిమిదేళ్ల అనుభవం. అయినా ప్యానెల్ మూత తీసే అధికారం తనకు లేదని, తీస్తే వారంటీ పోతుందని భయపడి అలా చూస్తూ కూర్చున్నాడు.

ఆ మూడు నెలల తర్వాత నాకు ఒకటి గట్టిగా పట్టుకుంది. సముద్రమా, మురుగా అని తేల్చుకోవడం ఒక ఎత్తు, బాగుచేసే చెయ్యి ఏ ఊళ్లో ఉందన్నది ఇంకో ఎత్తు. స్పెయిన్ కట్టినా, జపాన్ అప్పిచ్చినా, పొరలు మార్చడం, ప్యానెల్ విప్పడం ఇక్కడి పిల్లలకు నేర్పకుండా వెళ్తే ఆ సహకారం సగమే.

నన్ను అడిగితే మాత్రం సముద్రం ప్లాంట్లు ఇప్పటికి కట్టినవీ, కడుతున్నవీ చాలు. కరువు ఏడాదికి అవి బీమా లాంటివి. ఇకమీద వచ్చే విదేశీ రుణం ముందుగా మురుగునీటికీ చెరువులకీ వెళ్లాలి. కరెంటు తక్కువ తింటుంది, ముడిసరుకు ఊళ్లోనే పుడుతుంది, ఊరు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. పైగా శుభ్రం చేసినంత మేరా కూవం, అడయారు నదుల్లోకి పోయే మురుగు తగ్గుతుంది. సముద్రపు ప్లాంటు ఎంత పెద్దదైనా ఆ చివరి పని చెయ్యలేదు.

పోయిన వారం మా ఎస్టీపీ కొత్త ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) మీద సంతకాలయ్యాయి. అందులో రెండు లైన్లు మేమే పట్టుబట్టి రాయించాం: విడిభాగాలు చెన్నైలోనే స్టాకు ఉండాలి, మా ఆపరేటర్‌కు ప్యానెల్ మీద పది రోజుల ట్రైనింగ్ ఇవ్వాలి. సోమవారం నుంచి అతను ఆ ట్రైనింగ్‌కి అంబత్తూరు వెళ్తున్నాడు.