ఆష్విట్జ్ ఆన్‌లైన్ టూర్: అడిగితే జవాబు చెప్పే గైడ్ ఉంటే ఎంత తేడా!

పోలండ్‌లోని ఆష్విట్జ్ స్మారక మ్యూజియం వాళ్లు ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడినుంచైనా చూసేలా ప్రత్యక్ష ఆన్‌లైన్ టూర్లు నడుపుతున్నారు. 'ఆష్విట్జ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ యువర్ ఐస్' అని దాని పేరు. మ్యూజియంలో శిక్షణ పొందిన గైడ్ సరిగ్గా ఆ సమయంలోనే ఆ ఆవరణలో నడుస్తూ, ఫోన్ కెమెరాతో చూపిస్తూ మనతో మాట్లాడతారు. మధ్యమధ్యలో పాత ఫొటోలు, పత్రాలు, ప్రాణాలతో బయటపడ్డవాళ్ల మాటలు తెరమీదికి వస్తాయి. మొత్తం దాదాపు రెండు గంటలు.

మా ఆవిడా నేనూ శీతాకాలంలో ఒక మధ్యాహ్నం హైదరాబాదులో మా హాల్లో లాప్‌టాప్‌ని టీవీకి కలిపి చూశాం. మా మేనకోడలు పోలండ్‌లోనే వ్రోత్స్వాఫ్ నగరంలో ఎమ్మెస్ చదువుతోంది. అంతకుముందు వేసవిలో తను స్నేహితులతో కలిసి స్వయంగా వెళ్లొచ్చింది. ఇద్దరి అనుభవాలూ పక్కపక్కన పెట్టి చెబుతాను. ఎందుకంటే "యూట్యూబులో బోలెడు వీడియోలుండగా డబ్బు కట్టి ఆన్‌లైన్లో చూడ్డమేంటి" అన్నవాళ్లు నాకు చాలామంది తగిలారు. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. రెండో ప్రపంచయుద్ధంలో పోలండ్‌ని ఆక్రమించిన నాజీ జర్మనీ 1940 జూన్‌లో పోలండ్ రాజకీయ ఖైదీల కోసం మొదలుపెట్టిన శిబిరం ఇది. 1942 నుంచి యూరప్ యూదుల్ని చంపే ప్రధాన కేంద్రమైంది. ఇక్కడికి తరలించినవాళ్లు కనీసం 13 లక్షలు, చనిపోయినవాళ్లు దాదాపు 11 లక్షలు. అందులో 10 లక్షల మంది యూదులు. మిగిలినవాళ్లలో పోలిష్ ప్రజలు, రోమా జాతివాళ్లు, సోవియట్ యుద్ధఖైదీలు ఉన్నారు. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం వచ్చేసరికి లోపల ప్రాణాలతో మిగిలినవాళ్లు సుమారు 7 వేలు. 1947లో మ్యూజియం అయింది, 1979లో యునెస్కో జాబితాలో చేరింది.

టూర్ రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది ఇటుక భవనాలున్న పాత శిబిరం, అంటే ఆష్విట్జ్ 1. రెండోది అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న బిర్కెనావు. గేటు దగ్గర నుంచి గైడ్ మాట మొదలుపెట్టారు. చలికి గైడ్ ఊపిరి తెల్లగా కనిపిస్తోంది. పోలిష్ యాస ఉన్న ఇంగ్లీషే గానీ నెమ్మదిగా, విడమరిచి చెప్పారు. మా ఆవిడకి ఇంగ్లీషు వినడం అంత అలవాటు లేదు. అయినా పది నిమిషాల్లో చెవికి పట్టుబడింది.

అయిదో బ్లాకులో బాధితుల వస్తువులు ఉంటాయి. లక్షా పదివేల పైగా చెప్పులు, బూట్లు. 3,800 దాకా సూట్‌కేసులు, వాటిల్లో 2,100 వాటి మీద తెల్ల రంగుతో పేర్లు, ఊళ్లు, పుట్టిన తేదీలు. ఈ లెక్కలు నేను క్లాసులో ఎన్నోసార్లు చెప్పినవే. కానీ మా ఆవిడ చూపు గిన్నెల గుట్ట మీద ఆగింది. ఎనామిల్ గిన్నెలు, మూతలు, గరిటెలు, పిల్లలకి పాలు కాచే బుల్లి పాత్రలు. మ్యూజియంలో ఇలాంటివి 12 వేల పైచిలుకున్నాయి. "చావబోతూ వంట గిన్నెలెందుకు తెచ్చుకున్నారు?" అని నాతో అంది. నువ్వే అడుగు అన్నాను. మైకు ఆన్ చేసి తడుముకుంటూ అడిగింది.

గైడ్ ఆగారు. కెమెరాని ఆ గిన్నెల మీదే ఉంచి చెప్పారు. మిమ్మల్ని వేరే చోట పనికి పంపుతున్నాం, అక్కడే కాపురం పెట్టుకోవాలి, కావలసినవి సర్దుకోండి అని నాజీలు వాళ్లతో అన్నారట. కొందరికి లేని పొలాలు, లేని దుకాణాలు అమ్మి డబ్బు కూడా తీసుకున్నారట. అందుకే గిన్నెలు, అందుకే సూట్‌కేసుల మీద పేర్లు. చేరాక మళ్లీ ఎవరిది వాళ్లు వెతుక్కోవాలి కదా! మా ఆవిడ ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి వంటింట్లో మళ్లీ అదే ప్రస్తావన తెచ్చింది. నేను చెప్పే పాఠంలో ఎప్పుడూ లేని ప్రశ్న అది. యూట్యూబు వీడియోని ఆపి అడగలేం, అడిగినా అది పలకదు. టూరుకి కట్టిన డబ్బు ఆ ఒక్క జవాబుతోనే నాకు చెల్లింది.

బిర్కెనావులో రైలు ప్లాట్‌ఫాం దగ్గర ఇంకో సంగతి. అక్కడ ఇప్పుడు పట్టాలు, కంకర, వెనకాల గేటు బురుజు తప్ప పెద్దగా ఏమీ లేవు. గైడ్ ఒకచోట నిలబడి కెమెరాని బురుజు వైపు తిప్పారు. అదే చోటు నుంచి 1944 వేసవిలో నాజీల సాయుధ దళం ఎస్ఎస్ వాళ్లు తీసిన ఫొటో తెరమీదికి వచ్చింది. అదే బురుజు, అవే పట్టాలు, మధ్యలో వేలమంది జనం. తలగుడ్డ కట్టుకున్న ముసలమ్మలు, చంకన పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. హంగరీ నుంచి తెచ్చిన యూదులు వాళ్లు. 1944 మే నుంచి రెండు నెలలు తిరక్కుండానే 4 లక్షల పైచిలుకు మందిని ఇక్కడికి తెచ్చారు, ఎక్కువమందిని దిగిన రోజే చంపేశారు. ఆ ఫొటోలున్న ఆల్బమ్ 1945లో, మరో శిబిరానికి విముక్తి కలిగాక అక్కడ లిలీ యాకోబ్ అనే అమ్మాయికి దొరికింది. ఆమె కూడా అదే ప్లాట్‌ఫాం మీద దిగినదే. ఆ ఫొటోల్లో తన వాళ్లనీ, తన ఊరివాళ్లనీ గుర్తుపట్టింది. ఆల్బమ్ ఇప్పుడు జెరూసలేంలోని యాద్ వషేమ్ స్మారక మ్యూజియంలో ఉంది.

ఇక్కడ ఆన్‌లైన్ టూరుదే పైచేయి అని నా అభిప్రాయం. మేనకోడలు కూడా ఒప్పుకుంది. "మామయ్యా, మేం వెళ్లినప్పుడు వెనక గ్రూపు తోసుకొస్తోంది. ఫొటో బోర్డు దగ్గర నిలబడి చూసే తీరికే లేదు. మీరు నాకంటే బాగా చూశారు" అంది. 2024లో ఈ స్థలానికి 18 లక్షలకు పైగా జనం వచ్చారు. వేసవిలో వెళ్తే ఆ రద్దీ తప్పదు.

జనాన్ని విషవాయువుతో చంపిన గ్యాస్ చాంబర్ల శిథిలాల దగ్గర గైడ్ చెప్పిన కథ మన పిల్లలకి తప్పకుండా చెప్పాలి. శవాలు మోయడానికి, కాల్చడానికి ఖైదీల్నే ఒక దళంగా పెట్టారు, సోండర్‌కమాండో అంటారు. వాళ్లు 1944 అక్టోబర్ 7న తిరగబడి శవాలు కాల్చే నాలుగో క్రిమటోరియాన్ని తగలబెట్టారు. వాళ్లకి మందుగుండు చేరవేసింది పక్క ఆయుధ కర్మాగారంలో పనిచేసే ఖైదీ స్త్రీలు. బట్టల మడతల్లో దాచి చిటికెడు చిటికెడుగా చేర్చారు. ఈ పనికి గాను రోజా రొబోతా, ఆమెతో పాటు మరో ముగ్గురు యువతుల్ని 1945 జనవరిలో ఉరితీశారు. ఇంకొన్ని వారాలాగితే సోవియట్ సైన్యం వచ్చేది. "అంతమంది ఉండి ఎందుకు ఎదురుతిరగలేదు సార్" అని ప్రతి ఏడూ ఒక్క విద్యార్థి అయినా నన్ను అడిగేవాడు. ఆ ప్రశ్నలో చిన్నచూపు ఉంటుంది, నాకు బాధ కలిగేది. ఆ నలుగురు అమ్మాయిల సంగతి అక్కడ ఆ ఇటుకల ముందు విన్నవాడెవడూ మళ్లీ అలా అడగడు.

తెర మీద అందనిది ఏమిటంటే, బిర్కెనావు విశాలత. అది 170 హెక్టార్లు, మన లెక్కలో 420 ఎకరాల పైమాటే. కెమెరాలో అది ఒక మైదానంలా కనిపించి ఊరుకుంటుంది. మేనకోడలు చెప్పింది: గేటు నుంచి శిథిలాల దాకా నడిచేసరికి ఎవరూ మాట్లాడుకోవడం మానేశారట, అటూ ఇటూ ఇప్పుడు లేని చెక్క బారకాల పొగగొట్టాలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయట. బాధిత స్త్రీల జుట్టు ఉంచిన గదిలో, శిబిరం జైలుగా వాడిన పదకొండో బ్లాకు నేలమాళిగలో ఫొటోలు తీయడం నిషేధం. అక్కడ తను పొందిన అనుభవం వేరు. అది నేను ఇక్కడ కూర్చుని రాయలేను.

కాబట్టి యూరప్‌లో ఉన్న మన పిల్లలకి నా మాట: మీరు స్వయంగానే వెళ్లండి. లోపలికి ప్రవేశం ఉచితం, గైడ్‌కి మాత్రం డబ్బు కట్టాలి. పాస్ మీ పేరుతో ఉంటుంది, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. చిన్న బ్యాగు తప్ప లోపలికి రానివ్వరు. క్రాకోవ్ నగరం నుంచి శిబిరం ఉన్న ఓష్వియెంచిమ్ ఊరికి బస్సులో గంటన్నర. రెండు శిబిరాల మధ్య మ్యూజియం వాళ్లదే ఉచిత బస్సు ఉంది. పాస్ మ్యూజియం సొంత వెబ్‌సైట్లోనే తీసుకోండి. అదే పేరు తగిలించుకుని ఎక్కువ డబ్బు గుంజే ఏజెంట్ల సైట్లు చాలా ఉన్నాయి. మేనకోడలి స్నేహితులు అలాంటి ఒకదానిలో బుక్ చేసి, చివరికి వేరే సమయానికి వెళ్లాల్సొచ్చింది.

బస విషయానికొస్తే అందరూ క్రాకోవ్‌లోనే ఉంటారు. పాత యూదుల పేట కజిమియెజ్‌లో హాస్టళ్లు చవక, భోజనానికీ ఇబ్బంది లేదు. కానీ మేనకోడలు ఓష్వియెంచిమ్ ఊళ్లోనే ఒక రాత్రి ఉంది, అది మంచి నిర్ణయం అనిపించింది నాకు. యుద్ధానికి ముందు ఆ ఊరి జనాభాలో సగానికి పైగా యూదులే. ఇప్పుడు ఊళ్లో మిగిలింది ఒక్క సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం), దాని పక్కన చిన్న మ్యూజియం. అక్కడ చావుల ప్రసక్తి తక్కువ. పెళ్లిళ్లు, అంగళ్లు, బడి ఫొటోలు ఉంటాయి. శిబిరం చూసినవాళ్లలో అక్కడికి వెళ్లేవాళ్లు కొద్దిమందే. వెళ్లాలి.

ఇండియాలో ఉన్నవాళ్ల సంగతి వేరు. పోలండ్ వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసా ఫీజే 90 యూరోలు, ఆపైన విమానం, హోటలు. మాలాంటి పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులు సరేసరి. వాళ్లకి ప్రత్యక్ష టూర్ని నేను నిస్సంకోచంగా చెబుతాను. తెలుగులో లేదు. ఇంగ్లీషు ఓ మాదిరిగా అర్థమైతే చాలు. పోలండ్ మనకంటే శీతాకాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక. వాళ్ల ఉదయం పదింటికి అంటే మనకి మధ్యాహ్నం. మాకు ఒకసారి నెట్ పోయింది, అది మా ఇంటి వైఫై తప్పే. కేబుల్ పెట్టుకోండి. ఫోన్‌లో చూడకండి, సూట్‌కేసుల మీది పేర్లు చదవలేరు.

డబ్బు పెట్టలేకపోతే మ్యూజియం వెబ్‌సైట్లోనే ఉచిత పనోరమా ఉంది. మనమే నొక్కుకుంటూ తిరగొచ్చు. కానీ ముందుగా చదువుకుని ఉండకపోతే అది ఖాళీ భవనాల్లా అనిపిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో యుద్ధకాలంలో డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ కుటుంబం మరికొందరితో దాక్కున్న ఇల్లు కూడా ఉచితంగా ఆన్‌లైన్లో చూడొచ్చు. అసలు ఇంట్లో గదులు ఖాళీగానే ఉంచారు. ఆన్‌లైన్లో మాత్రం అక్కడ దాక్కున్న ఎనిమిది మందీ ఉన్నప్పటి సామాన్లతో కనిపిస్తాయి. పదేళ్లు దాటిన పిల్లలకి ముందు అదే చూపించండి. ఆష్విట్జ్‌కి 14 ఏళ్లు దాటినవాళ్లే రావడం మంచిదని మ్యూజియం వాళ్లే చెబుతారు, ఆన్‌లైన్ అయినా ఆ మాటే పాటించాలి.

టీచర్లకి ఒక మాట. నాజీజం పాఠం చెప్పేవాళ్లు బడి తరఫున గ్రూపుగా తీసుకోవచ్చు. టూర్‌కి ముందు రోజు పిల్లల చేత ప్రశ్నలు రాయించండి, తెలుగులోనే రాయనివ్వండి. ఇంగ్లీషులో అడిగే బాధ్యత మీరు తీసుకోండి. టూర్ అయిపోయాక వెంటనే లెక్కల క్లాసుకి పంపించేయకండి, ఒక పీరియడ్ ఖాళీగా ఉంచండి.