చత్వారానికి బైఫోకల్ కళ్లద్దాలా, ప్రోగ్రెసివ్ కళ్లద్దాలా?

నలభై దాటాక కంట్లోని సహజ కటకం మెత్తదనం తగ్గి, దగ్గరి వస్తువుల వెలుగును రెటీనా మీద సరిగ్గా కేంద్రీకరించలేదు. సూదిలో దారం ఎక్కించాలంటే చెయ్యి చాచాల్సిందే. అదే చత్వారం.

బైఫోకల్‌లో పైన దూరపు చూపు, కింద దగ్గరి చూపు, మధ్యలో గీత. ధర తక్కువ, చదివే భాగం వెడల్పు. కానీ చేతి దూరంలోని కంప్యూటర్ స్క్రీన్‌కి ఏ భాగమూ కుదరదు.

ప్రోగ్రెసివ్‌లో గీత లేకుండా పవర్ పైనుంచి కిందికి మెల్లగా పెరుగుతుంది, స్క్రీన్ కూడా తేటగా కనిపిస్తుంది. పక్క అంచుల్లో మాత్రం మసక; కళ్లు కాదు, తల తిప్పాలి. అలవాటుకి కొన్ని రోజులు పడుతుంది.

మెట్లు దిగేటప్పుడు రెండింటితోనూ జాగ్రత్త! గడ్డం దించి, అద్దం పై భాగంలోంచే చూడండి.

రోజంతా స్క్రీన్ ముందుండేవాళ్లకి ప్రోగ్రెసివే నయమంటాను. కుట్టుపని, చదువు ఎక్కువైతే బైఫోకల్ చాలు.