మీటరుకు అర పాయింటు: ఏడు సీజన్ల ఎఫ్5జే తర్వాత

గ్లైడర్ల మీద సమీక్షలకు కొదవ లేదు. ఫలానా రెక్క తేలిక, ఫలానా తోక గట్టి అని చదువుతూనే ఉంటాం. ఎఫ్5జే అంటే మోటారు ఉన్న రేడియో కంట్రోల్ మోడల్ గ్లైడర్ల పోటీ. ఈ ఏడు సీజన్లలో నేను మూడు గ్లైడర్లు మార్చాను. మారనిది ఒక్కటే, మోటారు ఆపిన ఎత్తుకు పాయింట్లు కోసే రూలు. కాబట్టి నా సమీక్ష ఆ రూలు మీదా, దాన్ని అమలు చేసే, ఎత్తు కొలిచే అగ్గిపెట్టెంత ఆల్టీమీటరు మీదా.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పేస్తాను. వర్కింగ్ టైమ్, అంటే ఎగరడానికి ఇచ్చే సమయం, 10 నిమిషాలు, ఫ్లైఆఫ్‌లో (చివరి రౌండ్లలో) 15. హారన్ మోగాక గ్లైడర్‌ను చేత్తో విసురుతాం. మోటారు ఒక్కసారే, అదీ 30 సెకన్లకు మించకుండా. తర్వాత ఇక గాలే దిక్కు. గాల్లో ఉన్న ప్రతి సెకనుకూ ఒక పాయింటు. దిగడానికి మనకిచ్చిన గుర్తుకు మీటరు లోపు ముక్కు ఆనితే 50, అక్కడి నుంచి మీటరుకు 5 చొప్పున తగ్గుతుంది, 10 మీటర్లు దాటితే ఏమీ రాదు. ఎత్తు లెక్క వేరు. మోటారు ఆగాక మరో 10 సెకన్ల దాకా అందుకున్న గరిష్ఠ ఎత్తును ఆల్టీమీటరు పట్టి ఉంచుతుంది. 200 మీటర్ల వరకు మీటరుకు అర పాయింటు పోతుంది, ఆపైన మీటరుకు 3.

మొదటి సీజన్లో ఈ అర పాయింటును నేను లెక్కే చేయలేదు. 180 మీటర్ల దాకా ఎక్కేసి, నింపాదిగా తిరిగి, 9 నిమిషాల 55 సెకన్లకు గుర్తు మీద దిగేవాణ్ని. 595కి 50 కలిపి 90 తీసేస్తే 555. బాగా ఎగిరాననే అనుకునేవాణ్ని. అదే గ్రూపులో ఒకాయన 60 మీటర్ల దగ్గరే మోటారు కట్టేసి సరిగ్గా అంతే సేపు ఎగిరాడు. ఆయనకు 615. గ్రూపులో ఎక్కువ తెచ్చుకున్నవాళ్లకు 1000 ఇచ్చి మిగతావాళ్లను ఆ నిష్పత్తిలో లెక్కగడతారు కదా, నాకు వచ్చింది 902. ఎక్కడా తప్పు చేయకుండానే దాదాపు వంద పాయింట్లు పోగొట్టుకున్నాను. 230 మీటర్లు ఎక్కితే కోత ఎంతో తెలుసా? మొదటి 200కి 100, పైన 30కి 90, మొత్తం 190. ఒకే ఒక్కసారి చేశాను ఆ పని.

ఇక్కడే ఈ రూలు నాకు నచ్చింది. ఎత్తు కొనుక్కోవచ్చు గానీ ధర కట్టాలి. ఆ ధర కట్టాలా వద్దా అన్నది హారన్‌కు ముందే తేల్చుకోవాలి, అంటే నేల మీద నిలబడే గాలిని చదవాలి. నా పద్ధతి పాతదే, కర్రకు కట్టిన రిబ్బన్. వీస్తున్న గాలి ఉన్నట్టుండి చచ్చుబడితే థర్మల్ (పైకి లేచే వేడిగాలి) ఎదురుగాలి వైపు ఉన్నట్టు, గాలిని తన వైపు లాక్కుంటోంది. ఊపందుకుంటే అది మనల్ని దాటి వెనక్కి వెళ్లినట్టు. ఇది తెలియడానికి ఒక రోజు చాలు, నమ్మడానికి నాకు మూడు సీజన్లు పట్టింది.

కిందటి సీజన్లో ఒక రౌండు చెబుతాను. హారన్‌కు అర నిమిషం ముందు మెడ మీద గాలి ఆగిపోయింది, రిబ్బన్ కర్రకు అతుక్కుంది. హెల్పర్‌గా ఉన్న కుర్రాడు "ముందుకే అన్నా, పైకి కాదు" అన్నాడు. సగం థ్రాటిల్‌తో దాదాపు అడ్డంగా ఎదురుగాలిలోకి తోశాను. పద్దెనిమిదో సెకనులో తోక ఒక్కసారి లేచింది, ఎవరో కింద నుంచి వేలితో తట్టినట్టు. మోటారు కట్టేశాను. అసలు కష్టం అప్పుడే మొదలు. పైకి లేపే గాలి తగిలింది కదా అని వెంటనే తిప్పి ఎక్కితే ఆ 10 సెకన్లలో ఎక్కినదంతా మన ఖాతాలోకే వస్తుంది. ముక్కు కొంచెం దించి, తిన్నగా పోనిస్తూ, కుర్రాడు "ఎనిమిది, తొమ్మిది, పది" అనేదాకా పళ్లు బిగబట్టాను. తర్వాతే చుట్టు. దిగాక చూస్తే ఆల్టీమీటరులో 47. అంతకుముందు ఏడాది ఇలాంటి చోటే నిటారుగా ఎక్కుతుండగా మోటారు ఆపాను. గ్లైడర్ ఆ వేగంతోనే ఇంకా పైకి పోయింది, నేను ఆపింది 70 దగ్గర అనుకుంటే పెట్టె 92 చూపించింది. తప్పు పెట్టెది కాదు.

పెట్టె తప్పులూ ఉన్నాయి. లోపలుండేది గాలి పీడనాన్ని కొలిచే సెన్సార్ కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టామన్నది ముఖ్యం. మోటారు చల్లబడటానికి ముక్కులోంచి వచ్చే గాలి నేరుగా తగిలేచోట పెడితే అంకెలు అటూ ఇటూ ఊగుతాయి. నేను దాన్ని రిసీవర్ వెనక్కి జరిపి చుట్టూ స్పాంజి పెట్టాక కుదుటపడింది. రెండో సీజన్లో దాని కనెక్టర్ వదులై, దిగాక తెర మీద ఏమీ లేదు. ఎత్తు లేకపోతే స్కోరూ లేదు. పదినిమిషాల చక్కటి ఫ్లైట్ సున్నా అయింది. అప్పటి నుంచి ప్రతి రౌండుకు ముందు ఆ కనెక్టర్‌ను వేలితో నొక్కి చూడటం గుడికెళ్తే గంట కొట్టడంలా అలవాటైపోయింది.

గ్లైడర్ ఎక్కుతోందో దిగుతోందో కూతతో చెప్పే వేరియోమీటర్‌ను పోటీల్లో నిషేధించడం మీద క్లబ్బుల్లో గొణుగుడు వింటుంటాను. నేను మాత్రం నిషేధం వైపే. సాధనలో పెట్టుకుంటాను, చెవిలో కూత వింటూ తోక కదలికను కళ్లతో పోల్చుకుంటాను. పోటీలో అది లేకుండా ఎగిరితేనే ఎంత నేర్చుకున్నామో తేలేది.

నచ్చనిదీ ఉంది. గెలవాలంటే తక్కువ ఎత్తులో ఆపాలి కాబట్టి, లాంచ్ అయిన పావు నిమిషంలో ఏడెనిమిది గ్లైడర్లు 50 మీటర్లలోపు ఒకే థర్మల్ బుడగ కోసం ఎగబడతాయి. రెక్కలు తగులుకోవడం కళ్లారా చూశాను. పైగా కొందరికి ఇది పంతంగా మారింది, 30 మీటర్ల దగ్గర ఆపి రెండు నిమిషాలకే నేల మీద ఉంటారు. అలా దిగిపోయే ప్రమాదంలో మోటారు మళ్లీ వేస్తే ఆ ఫ్లైట్ మొత్తం సున్నా. గాలి ఏమీ చెప్పని రోజున 120 మీటర్లు కొనుక్కోవడం పిరికితనం కాదు. 60 పాయింట్లు పోతాయి, మిగతా 500 పైచిలుకు చేతిలో ఉంటాయి.

గాలి జోరుగా ఉన్న రోజుల గురించి ఒక్క మాట. థర్మల్‌తో పాటు గాలివాలుగా కొట్టుకుపోవడం సుఖం, వెనక్కి రావడమే నరకం. బ్యాలస్ట్ (అదనపు బరువు) వేయకుండా ఒకసారి అలా వెళ్లి, గుర్తుకు 75 మీటర్ల అవతల పొలంలో దిగాను, ఫ్లైట్‌కు సున్నా. ఇప్పుడు 1.4 కిలోల గ్లైడర్‌లో 300 గ్రాములు కలపడానికి ఆలోచించను. రెక్క వెనకంచు రెండు మిల్లీమీటర్లు పైకెత్తి, సింక్‌లోంచి, అంటే కిందికి దిగే గాలిలోంచి, వేగంగా దాటేస్తాను.

ల్యాండింగ్‌లో ఇప్పటికీ నేను గొప్పోణ్ని కాను. మొన్నటి పోటీలో 61 మీటర్లకు ఆపి 9 నిమిషాల 57 సెకన్లు ఎగిరి, ఫ్లాపులు (వేగం తగ్గించే రెక్క వెనక పలకలు) పూర్తిగా దించి గుర్తు మీదికి తెచ్చాను. కొలిస్తే ముక్కు మీటరు దాటి 20 సెంటీమీటర్లు. 50 బదులు 45. పోయిన ఆ 5 పాయింట్లు 10 మీటర్ల ఎత్తుతో సమానం. ఆ గ్రూపులో మొదటివాడికీ నాకూ తేడా 3. ఈ శీతాకాలం కొత్త గ్లైడర్ ఏదీ కొనడం లేదు, గుర్తు పాతుకుని వంద ల్యాండింగులు చేయాలని రాసిపెట్టుకున్నాను. ఇప్పటికి 34 అయ్యాయి.